కొత్త పెళ్ళికూతురి కొత్తిల్లు

“పెనం మీది రొట్టెని కూడా ఒక పక్క కాలాకే రెండో పక్క తిప్పుతారు. నేను రెండు పక్కలా ఒకేసారి కాలిపోతున్నానక్కా!”

చాప చంకన పెట్టుకుని హబ్సు మళ్ళీ సవతి దేలు మట్టిమిద్దెలోకి దూరింది. బయట నిప్పులు కురుస్తున్నాయి. లోపల మాత్రం మూరెడు మందం గోడలు, తాటిదూలాల మీద మట్టికప్పు, జానెడు కిటికీ. చెట్టు నీడలో కూర్చున్నట్టుంది.

“రా చెల్లీ, పడుకో,” అంది దేలు చిన్నగా నవ్వి, పాలలో సజ్జముద్ద పిసుకుతూ. ఆ నవ్వు చూస్తే హబ్సుకి ఒళ్ళు మండింది.

లావలీకి రెండో భార్యగా వచ్చిన రోజు ఊరి కళ్ళన్నీ ఆమె మీదే. ఊరంతటికీ ఒకే ఒక్క సిమెంటు ఇల్లు. కప్పుకి రేకులు జిందర్ పట్నం నుంచి లారీలో తెప్పించాడు ఉల్లిపాయల వ్యాపారి లావలీ. “కొత్త పెళ్ళికూతురు కొత్తింట్లోనే ఉండాలి,” అంటూ తాళంచెవి చేతిలో పెట్టింది దేలే. పాపం, పెద్దదాన్ని మట్టిలో వదిలేశాడని హబ్సు జాలిపడింది. లోలోపల కాస్త మురిసిపోయింది కూడా.

ఎండలు ముదిరేసరికి ఆ మురిపెం ఆవిరైంది. గోడ ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. పొద్దుగూకినా సెగ తగ్గదు. మొన్న గాలివాన కొడితే ఆ రేకుల మోతకి పక్కనున్న మొగుడి మాట వినబడలేదు. నీడ కోసం వచ్చిన మేక కూడా గడప దగ్గర ఆగి, లోపలికి తొంగిచూసి, వెనక్కి తిరిగిపోయింది.

“అక్కా, ఇళ్ళు మార్చుకుందామా?”

“అయ్యో, నీ ఇల్లు నేను లాక్కుంటే ఊరు నా మొహాన ఉమ్మేయదూ!”

“నేనే ఇచ్చానని చెప్తాను.”

“ఈ మిద్దెకి ఏటేటా మట్టి మెత్తాలి తల్లీ. నీ లేతచేతులు పాడైపోతాయి.”

“పాడైతే కానీ! నేనే మెత్తుకుంటాను!”

“వద్దమ్మా, నా మనసొప్పదు.”

అంతలో లావలీ కూడా చాప పట్టుకుని అక్కడికే వచ్చాడు. హబ్సు ఓపిక చచ్చిపోయింది.

“ఏమయ్యా, నువ్వు కట్టిన కొలిమిలో నువ్వే పడుకోలేవు! నా మీద ప్రేమతో కట్టావా, పగతో కట్టావా?”

మేకకి నీళ్ళు పెట్టాలంటూ దేలు గబుక్కున బయటికి నడిచింది.

“నీకోసం ఎవరు కట్టారు?” లావలీ కూడా విసిగిపోయాడు. “నువ్వెవరో తెలియకముందే కట్టాను, దేలు కోసం. ఊళ్ళో నా పరువు నిలబడాలంటే ఆ ఇంట్లో నా పెళ్ళాం ఉండి తీరాలన్నాను. సరేనని ఒక మధ్యాహ్నం వెళ్ళి పడుకుంది.”

“పడుకుని?”

“సాయంత్రానికల్లా నీ సంబంధం అడగడానికి మీ ఊరు బయల్దేరింది.”