ఐరీన్ ఇంటి తలుపు

ఆ రోజుల్లో హాలీవుడ్ సినిమాల్లో కంప్యూటర్‌లో తయారైన ఐరీన్ పడుచునాటి బొమ్మే నటించేది. అరవై దాటిన ఐరీన్ బహుమతులు అందుకోవడానికి మాత్రం వెళ్లేది.

ఆ సాయంత్రం కంచు బహుమతితో ఇంటికొచ్చేసరికి వంటింట్లోంచి పొగ వస్తోంది. లోపల మంచం పట్టిన భర్త దగ్గుతున్నాడు.

"తలుపు తియ్యి!"

"మీరు ఐరీన్ కారు. సినిమాల్లో ఆవిడ ముఖంమీద ముడతలుండవు," అంది ముఖం చూసి తెరుచుకునే కొత్త తలుపు.

ఐరీన్ బతిమాలింది, భోరున ఏడ్చింది.

"ఏడుపు అచ్చం ఆవిడదే. అయినా నకళ్లకు తలుపు తియ్యను."

"ఐరీన్! వస్తావా, ఇంకా ఫొటోలు దిగుతున్నావా?" భర్త గొంతు సన్నబడిపోతోంది.

ఆమె బహుమతిని రెండు చేతులా ఎత్తి కిటికీ అద్దాన్ని భళ్లున పగలగొట్టింది. లోపలికి దూకి, వెళ్తూ మరిచిపోయిన స్టవ్ ఆర్పి, భర్తను గట్టిగా హత్తుకుంది.

"దొంగ! దొంగ!" అని తలుపు వీధంతా వినపడేలా అరుస్తూనే ఉంది.