కార్డు చూసి వైద్యం

"ముందు ఆ కార్డు అవతల పారెయ్! మనిషి పోతుంటే పాఠాలు చదువుతావేంటి?"

ప్రెస్సాయన వేసిన కేకకి ఎమర్జెన్సీ వార్డంతా ఇటు తిరిగింది. మంచం మీద ఆయన తమ్ముడు ఉలుకూ పలుకూ లేకుండా పడున్నాడు. పొద్దుటి నుంచీ అచ్చు మెషిన్ దగ్గర తన పక్కనే నిలబడి కాగితాలు అందించినవాడు, ఉన్నట్టుండి ఆ కాగితాల కట్ట మీదే కూలబడ్డాడు. ఆటోలో వేసుకుని వానలో తడుస్తూ తెస్తే ఇక్కడేమో ఈ బాగోతం! నర్సు చేతిలో కార్డు పట్టుకుని ఒక్కో లైనూ పైకి చదువుతుంది. డాక్టరమ్మ రోగిని చూసి జవాబు చెబుతుంది. అప్పుడుగానీ నర్సు ఇంకో లైనుకి పోదు.

"ఊపిరికి అడ్డం?"

"ఏమీ లేదు."

"ఆక్సిజన్?"

"మెషిన్ తొంభై తొమ్మిది చూపిస్తోంది."

"షుగరు?"

"మామూలుగానే ఉంది."

"అన్నీ బాగుంటే వాడు లేవడేం?" ప్రెస్సాయన మంచం ఊచని గుద్దాడు. "చదువుకుని వచ్చారా, చూచిరాతకొచ్చారా? పెద్ద డాక్టర్ని పిలవండి!"

"ఆయనొచ్చినా ఈ కార్డే చదివిస్తారండీ," అంది డాక్టరమ్మ తల తిప్పకుండా. "హడావుడిలో ఎంతటివాళ్ళమైనా ఏదో ఒకటి మర్చిపోతాం. మీ తమ్ముడు పడిపోయినప్పుడు ఎక్కడున్నారో చెప్పండి."

"ఎక్కడుంటే నీకెందుకు? సూదెయ్, మందెయ్! వాడి అడ్రసు రాసుకుని ఏం చేస్తావ్?"

కోపం రాదా మరి? ఎవరికైనా వస్తుంది. ప్రెస్సాయనకైతే అరికాలి మంట నెత్తికెక్కింది. కణతలు పగిలిపోతున్నాయి. ఆస్పత్రి మందుల కంపుకి కడుపులో తిప్పేస్తోంది. పైన ట్యూబులైట్లు కళ్ళలో పొడుస్తున్నాయి. రోగుల్ని ఇంత వెలుగులో పడుకోబెట్టే తెలివి ఎవడిదో, వాడు కనబడితే వాడినీ దులిపేసేవాడే.

ఒక్క అంగలో వెళ్ళి నర్సు చేతిలో కార్డు లాక్కున్నాడు. చదవబోతే అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి.

"థూ! అచ్చు కూడా చెదిరింది! ఎవడు కొట్టాడు దీన్ని? నా ప్రెస్సులో ఇలాంటిది పడితే చించి చెత్తబుట్టలో వేస్తా!"

అన్నంత పనీ చేయబోయాడు. ప్లాస్టిక్ పొర వేసిన కార్డు చిరగలేదు సరికదా, వేళ్ళకి పట్టు చిక్కక జారి మంచం కిందికి పోయింది. దాంతో ఇంకా ఒళ్ళు మండింది. నర్సు గోడ కొక్కేనికున్న ఇంకో కార్డు తీసి, ఆగిన లైను దగ్గరే అందుకుంది.

"పడిపోయిన చోటు?"

అప్పుడే తమ్ముడి భార్య పరుగెత్తుకుంటూ వచ్చింది, గొడుగు కూడా ముడవకుండా.

"బావగారూ, ఈయనకేమైంది?"

"ఏడవకు! నోరు మూసుకుని ఆ మూల నిలబడు!"

ఆమె గొడుగు కింద పడేసింది. మంచం మీదున్న భర్తని ఒకసారి, అరుస్తున్న బావగారిని ఒకసారి చూసి అక్కడే కొయ్యబారిపోయింది.

"అమ్మా, మీరైనా చెప్పండి," అంది డాక్టరమ్మ. "ఈయన ఎక్కడ పనిచేస్తూ పడిపోయారు?"

"ప్రెస్సులోనండీ. పొద్దున ఫోన్లో చెప్పారు. జల్లు కొట్టి కాగితాలు తడుస్తున్నాయని షట్టర్ దించేసుకున్నారట."

"పొద్దుటి నుంచీ ఊళ్ళో కరెంటు లేదే! మెషిన్ ఎలా నడిచింది?" అంది డాక్టరమ్మ.

"జనరేటర్ ఉందిగా. అదీ తడుస్తోందని లోపలికి లాక్కున్నారట."

డాక్టరమ్మ గిరుక్కున తిరిగింది. "మూసిన గదిలో జనరేటర్! పొగ విషం ఎక్కింది, సిస్టర్. ఆ తొంభై తొమ్మిదిని నమ్మకండి, ఈ పొగ దగ్గర మన మెషిన్ మోసపోతుంది. మాస్కు పెట్టి ఆక్సిజన్ పూర్తిగా తిప్పండి. రక్తం ల్యాబుకి పంపండి."

"ఇప్పుడు గుర్తొచ్చిందా ఆక్సిజన్?" ప్రెస్సాయన మీద మీదికొచ్చాడు. "ఇంతసేపూ గాడిదలు కాశారా? వాడికేమైనా అయిందో, ఒక్కొక్కళ్ళ అంతు చూస్తా!"

మాస్కు పెట్టారు. ఆక్సిజన్ పూర్తిగా తిప్పారు. కాసేపటికి తమ్ముడు సన్నగా మూలిగాడు, కాలు కదిలించాడు. మరదలు "దేవుడా" అంటూ మంచం పక్కన కూలబడి ఆ కాలు పట్టుకుంది. ప్రెస్సాయన అరుపు మాత్రం ఆగలేదు. మాస్కు వంకరగా పెట్టారని అరిచాడు, కిటికీ తలుపు కొట్టుకుంటోందని అరిచాడు.

నర్సు ఆయన్ని పట్టించుకోకుండా చివరి లైను చదివింది. "అదే గదిలో ఉన్న మిగతావాళ్ళు?"

డాక్టరమ్మ అప్పుడు చూసింది ఆయన్ని, నింపాదిగా, తల నుంచి కాళ్ళ దాకా. ఆయన తూలి గోడ పట్టుకున్నాడు.

"ఏంటా చూపు? నేనేమైనా పిచ్చోణ్ణా?"

"అమ్మా, మీ బావగారిది ఎప్పుడూ ఇంత కోపమేనా?"

"కోపమా?" మరదలు కళ్ళు తుడుచుకుంది. "పనివాళ్ళు సిరా ఒలకబోసినా పోనీలే అంటారు. కట్టలకి కట్టలు తప్పు అచ్చేసినా పోనీలే అంటారు. మా పేటలో ఆయన అసలు పేరు ఎవరికీ తెలీదండీ, అందరికీ పోనీలేగారే. ఆయన గొంతు ఇంత పెద్దదని నాకు ఇవాళే తెలిసింది."

"పక్క మంచం లాగండి, సిస్టర్. రెండో మాస్కు తీయండి," అంది డాక్టరమ్మ. "ఇందాకటి నుంచీ మనల్ని తిడుతున్నది ఈయన కాదు, జనరేటర్ పొగ!"