నలభై ఎనిమిదో ఓటు

ఓడలో ఆసుపత్రి ఎత్తేస్తారన్న మాట చెవిన పడగానే స్వెర్రె పళ్ళెం పక్కకి నెట్టేశాడు.

తొంభై అయిదు కుటుంబాలు కలిసి కొనుక్కున్న ఓడ అది. ఎవరి గది వాళ్ళ సొంతం, ఖర్చు మాత్రం అందరిదీ. ఏ నిర్ణయానికైనా గదికొక ఓటు. చమురు ధర పెరిగాక ఒక ఇంజనే తిప్పారు. రేవు అద్దె భరించలేక ఫుంషాల్ ఓడరేవు బయటే లంగరు వేశారు. దుప్పట్ల ఉతుకు కూడా తగ్గించారు. అయినా చాల్లేదు. ఇక మిగిలింది డాక్టరు, నర్సు, డయాలసిస్ యంత్రం.

వారానికి మూడుసార్లు ఆ యంత్రం పక్కన పడుకునేది స్వెర్రె ఒక్కడే. అది పోతే అతను ఒడ్డుకి పోవాల్సిందే. సముద్రం మీదే కన్నుమూయాలని బెర్గెన్‌లో ఇల్లమ్మి మరీ వచ్చిన మనిషి.

భార్య గుడ్రున్ భుజం పట్టుకుని గదిగదికీ తిరిగాడు. తన గదితో కలిపి నలభై ఏడు ఓట్లు ఖాయమయ్యాయి, గెలవాలంటే ఇంకొక్కటి కావాలి. లాంబెర్ట్ దగ్గరే అనుమానం. వరండాలో దీపాలు తనే ఆర్పుకుంటూ తిరిగే పిసినారి.

"నీకే వేస్తాలే ముసలోడా! నువ్వు పోతే చదరంగంలో నా చేతిలో ఓడేదెవరు?" అన్నాడు లాంబెర్ట్.

ఓటింగ్ నాడు స్వెర్రె యంత్రం దగ్గరే ఉన్నాడు. గుడ్రున్ పైకెళ్ళి ఓటు వేసొచ్చి, అతని చెయ్యి పట్టుకుని కూర్చుంది.

సాయంత్రానికి లెక్క తేలింది. ఎత్తెయ్యమని నలభై ఎనిమిది. ఉంచమని నలభై ఏడు.

భోజనాల హాల్లో అందరి ముందూ స్వెర్రె విరుచుకుపడ్డాడు.

"దీపం ఆర్పినట్టు నన్నూ ఆర్పేశావు కదరా!"

లాంబెర్ట్ ముఖం పాలిపోయింది. "ఒట్టు స్వెర్రె, నీకే వేశాను."

స్వెర్రె వినలేదు. చదరంగం బల్ల తోసేశాడు. పావులు చెల్లాచెదురయ్యాయి. లాంబెర్ట్ మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటే ఏరుకుంటుంటే ఎవరూ సాయం పట్టలేదు.

గదికొచ్చి స్వెర్రె మంచం మీద కూలబడ్డాడు.

"తొమ్మిదేళ్ళ స్నేహం! నవ్వుతూనే వెన్నుపోటు పొడిచాడు."

గుడ్రున్ అతని బూట్లు విప్పుతోంది. తలెత్తలేదు.

"రేపు లాంబెర్ట్‌ని క్షమించమని అడుగు," అంది. "చచ్చేలోగా కదలని నేల మీద నిద్రపోవాలనుంది నాకు, ఆ ఓటు నేనే వేశాను."