ముందుగోడ

గ్యాలరీ నడిపే మాస్టారు తలుపుకి అతికించిన జాబితాలో చిన్నకోడలి పేరు చిట్టచివర ఉంది. పక్కన ‘నడవ’ అని రాసి ఉంది. పెద్దకోడలి పేరు అన్నిటికంటే పైన, పక్కన ‘ముందుగోడ’. ఇలా కావడం వరసగా ఇది నాలుగో ఏడు.

“మళ్లీ నడవేనా మాస్టారూ?”

“ఎవరో ఒకరు నడవలోకి వెళ్లాలి కదమ్మా” అన్నాడాయన, చేతికంటిన జిగురు తుడుచుకుంటూ.

“ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ నేనే.”

పాత గ్రంథాలయాన్ని ఆ పేటవాళ్లు గ్యాలరీగా మార్చుకున్నారు. ఏడాదికోసారి పన్నెండుమంది కలిసి తాము చేసినవి అక్కడ పెడతారు. ముందుగది గోడ కిటికీలోంచి వీధిలోకి కనిపిస్తుంది. దారిన పోయేవాడు కూడా తల తిప్పి చూస్తాడు. నడవ సంగతి వేరు. అది స్నానాలగదికి దారి. అక్కడ ఆగేవాళ్లు బొమ్మ కోసం ఆగరు, లోపలున్న మనిషి ఎప్పుడు బయటికొస్తాడా అని ఆగుతారు.

చిన్నకోడలు దర్జీ కొట్లో పని చేస్తుంది. జనం మార్పించుకున్న పాత కాలర్లు, మెడ దగ్గర అరిగి చెమట మరకలు మిగిలినవి, మూడేళ్లు దాచింది. వాటిని ఒకదానికొకటి చేర్చి ఒక్క గుడ్డగా కుట్టి అద్దం బిగించింది. పెద్దకోడలు బడిలో డ్రాయింగు టీచరు. బస్సు కోసం నిలబడ్డ మనుషుల్ని వెనకనుంచి సిరాతో గీసింది. అత్తగారు రెండూ చూసి, ఒకామెకి ముఖాలు రావు కాబట్టి వీపులు గీసింది, ఇంకొకామెకి చొక్కాలు రావు కాబట్టి కాలర్లతో సరిపెట్టింది అని తేల్చేసింది.

పెద్దకోడలు విరగబడి నవ్వింది. చిన్నకోడలికి ఆ నవ్వే గుచ్చుకుంది. గోడ ఉన్నవాళ్లకి నవ్వు రాక ఏం చేస్తుంది?

ఈసారి అసలు సంగతి వేరే ఉంది. పెద్ద గ్యాలరీ నుంచి ఒకావిడ వస్తోంది. పన్నెండుమందిలో ఒకరిని ఎంచుకుని తమ ప్రదర్శనకి తీసుకెళ్తుంది. ఆవిడకి పావుగంట కంటే తీరిక లేదని మాస్టారు ముందే చెప్పాడు. పావుగంటలో నడవదాకా వచ్చేదెవరు?

ఆ సాయంత్రం అందరూ తమ తమ పటాలు తెచ్చి, జాబితా ప్రకారం ఎవరి గోడకి వాళ్లు ఆనించారు. అందరికీ చట్రాలు కట్టింది ఒకే వడ్రంగి, ఒకే కొలత. ఒకే ఇంట్లోంచి వచ్చిన రెండింటికీ పాత తెర చింపి ఒకేలాంటి తొడుగులు కుట్టింది చిన్నకోడలే. ఆమె తన పటం నడవలో ఆనించి చెప్పులేసుకుంది.

“ఆగు చెల్లీ, కలిసి వెళ్దాం” అంది పెద్దకోడలు.

“నీకేం అక్కా, తీరిగ్గా రా” అని వెళ్లిపోయింది.

ఆ గ్యాలరీలో ఒక పద్ధతి ఉంది. మర్నాడు పది గంటలకి మాస్టారు తలుపులేసుకుని, ఎవరి పటం ఏ గోడకి ఆనించి ఉంటే అక్కడే తొడుగు విప్పి తగిలిస్తాడు. ఒకసారి మేకుకెక్కాక ప్రదర్శన అయ్యేదాకా దించడు. పోయినేడాది ఒకాయన కాళ్లావేళ్లా పడ్డా దించలేదు.

తెల్లారి ఎనిమిదింటికే చిన్నకోడలు చీపురు పట్టుకుని గ్యాలరీకి వెళ్లింది. గదులు ఊడుస్తానంటే మాస్టారు సంతోషించి టీకి వెళ్లాడు. ఆమె చీపురు పక్కన పడేసింది. ముందుగోడ దగ్గరున్న పటం ఎత్తి నడవలో పెట్టింది, నడవలోది తెచ్చి ముందుగోడకి ఆనించింది. విప్పి చూసే వ్యవధి లేదు, అవసరమూ లేదు. నాలుగేళ్లు వెలుగులో నిలబడ్డావిడ ఒక్కరోజు నీడలో నిలబడితే కరిగిపోదులే అనుకుంది.

నాలుగింటికి తలుపులు తీశారు. కొత్త చీర కట్టుకుని అందరికంటే ముందు ఆమే లోపల అడుగుపెట్టింది.

ముందుగోడ మీద వీపులు వేలాడుతున్నాయి.

పరుగున నడవలోకి వెళ్లింది. స్నానాలగది తలుపు పక్కన తన కాలర్లు. అంటే ఎనిమిదికీ పదికీ మధ్య అక్క వచ్చింది. వచ్చి, పసిగట్టి, మళ్లీ మార్చుకుంది. పైకి చెల్లీ చెల్లీ, లోపల మాత్రం అంగుళం గోడ వదలదు.

అనుమానం బలపడేలా పెద్దకోడలి వాలకం కూడా అలాగే ఉంది. తన పటాన్ని తానే గుడ్లప్పగించి చూస్తోంది. ఎవరో మెచ్చుకుంటే వినిపించుకోలేదు. చిన్నకోడలి వైపు ఒకసారి చూసి తల దించుకుంది. దొంగ చూపు అనుకుంది చిన్నకోడలు.

పెద్ద గ్యాలరీ ఆవిడ వచ్చింది. పన్నెండు నిమిషాలు ముందుగదిలోనే ఉండిపోయింది. నడవ మొగదాకా వచ్చి, లోపలికి తొంగి చూసి, చేతి గడియారం చూసుకుని వెనక్కి తిరిగింది. పెద్దకోడలి పేరు పుస్తకంలో రాసుకుని కారెక్కింది. జనం చప్పట్లు కొట్టారు. చిన్నకోడలి చేతులు కొంగులోనే ఉండిపోయాయి.

ఇక ఆగలేక మాస్టారిని నడవలోకి పిలిచింది.

“ఒక్కమాట నిజం చెప్పండి మాస్టారూ. పొద్దున మా అక్క వచ్చి పటాలు మార్చిందా?”

“పొద్దున ఆమె ఈ ఛాయలకే రాలేదమ్మా” అన్నాడాయన. ఆమెకంటే ఆయనే ఎక్కువ అయోమయంగా ఉన్నాడు. “ఆ తొడుగులు విప్పినప్పటినుంచీ నేనూ అదే ఆలోచిస్తున్నా, మళ్లీ ఎవరు మార్చారా అని.”

“మళ్లీ ఏమిటి?”

“నిన్న నువ్వు వెళ్లాక, మీ అక్క తన గోడ నీకిచ్చి వెళ్లింది.”