ఒక మనిషి, ఒక సున్నా

భోజనం చేసొచ్చి మీటింగ్ గది తలుపు తీసిన టీమ్ లీడర్ కెవ్వుమంది. నెలల తరబడి గీసిన బొమ్మను ఎవరో తుడిచేశారు!

గోడంత బోర్డు అది. అంబులెన్స్‌ను పిలిచే కొత్త యాప్ మొత్తం దాని మీదే ఉండేది.

ఎడమవైపు గీతలతో ఒక మనిషి. కింద ‘వాడేవారు’ అని రాసి ఉంటుంది. ఆ మనిషి యాప్‌లో చేసే ఒక్కో పనికీ ఒక్కో సున్నా. పేరు నమోదుకో సున్నా, పాస్‌వర్డ్‌కో సున్నా, డ్రైవర్‌కి మార్కులెయ్యడానికో సున్నా. బోర్డు నిండా సున్నాలే.

ఇప్పుడు ఆ మనిషి, ఒకే ఒక్క సున్నా మిగిలాయి.

‘అంబులెన్స్‌ని పిలవడం.’

“ఫోటో తీశావా?” వెనకే వచ్చిన కుర్రాణ్ణి అడిగింది.

“తీద్దామనే చూశానక్కా. ఒక్క ఫోటోలో పట్టలేదు,” అన్నాడు యాప్‌ని పరీక్షించే ఆ టెస్టర్.

“జోకులొద్దు! ఆస్పత్రి డాక్టరమ్మ వచ్చేస్తోంది. ఆవిడ ఊఁ అనకపోతే మన టీమే ఉండదు.”

“ఇందాక ఆస్పత్రి వాళ్ళు పంపారని ఒకాయన వచ్చాడు కదక్కా?”

ఆమెకు గుర్తొచ్చింది. నలిగిన చొక్కా పెద్దమనిషి.

“ఈ బొమ్మలో ఉన్న మనిషిని ఎప్పుడైనా చూశారా అమ్మా?” అని అడిగాడు.

“మేం వాడేవాళ్ళ పనిలోనే తలమునకలై ఉన్నామండీ. బయటివాళ్ళతో మాట్లాడే తీరిక లేదు. ఏమన్నా ఉంటే బోర్డు మీద రాసి వెళ్ళండి,” అనేసి తను భోజనానికి వెళ్ళిపోయింది.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ!

వస్తూనే బోర్డు ముందు నిలబడిపోయింది.

“ఇన్నాళ్ళకి మీ బొమ్మ నాకు అర్థమైంది. ఇదే చెయ్యండి. పని మీదే.”

టెస్టర్ మొహం వెలిగిపోయింది. మాట్లాడకక్కా అన్నట్టు కళ్ళతోనే బతిమాలాడు.

లీడర్ అతని వైపు చూడకుండా డాక్టరమ్మకేసి తిరిగింది.

“ఇది మేం గీసింది కాదు డాక్టర్‌గారూ. ఇందాక మీరు పంపినాయన మాది తుడిచేశాడు. నేనాయన మాట కూడా వినలేదు.”

డాక్టరమ్మ ఆమెను ఎగాదిగా చూసి, ఫోన్ తీసి ఆయన నంబర్ నొక్కి స్పీకర్ పెట్టింది.

“మా బోర్డు తుడిచింది మీరేనా బాబాయ్‌గారూ?” అడిగింది లీడర్.

“నేనేనమ్మా. రాసి వెళ్ళమన్నావు, రాయడానికి చోటేదీ? ఆమధ్య ఒకరోజు మా ఆవిడ తల పగిలి నెత్తురు ధారగా కారుతోంది. ఒక చేత్తో గాయం అదిమి పట్టుకున్నాను. రెండో చేతిలో ఫోను. ఖాళీగా ఉన్నది ఈ బొటనవేలొక్కటే. దాంతో ఆస్పత్రి నంబర్ పెట్టుకున్న ఒక్క మీట నొక్కాను, బండి వచ్చింది. మనిషి దక్కింది. ఇదిగో, ఊళ్ళోవాళ్ళ గోడలు తుడవడానికి నువ్వెవరని నన్ను తిడుతోంది కూడా! ఈ వేలు చెయ్యగలిగిన పనొక్కటీ ఉంచి, మిగతావి తుడిచేశాను. నువ్వు గీసిన ఆ మనిషిని నేనేనమ్మా.”