రెండో సీడీ

కర్నూలు ఆసుపత్రికి కట్టుకుపోయే చీర కోసం మంచం కింది ట్రంకుపెట్టె లాగిన జ్ఞానమణి మూత తియ్యబోయి ఆగింది. మూత మీద ఎవరో ముఖం పౌడరు చల్లారు. తన వేలిముద్రలు తెల్లగా తేలి ఉన్నాయి.

కూతురు చూసే రెండు సీడీల కార్టూన్ సినిమాలో ముంగిస డిటెక్టివ్ దొంగల్ని పట్టేది ఇలాగే. జబ్బుపడ్డ పిల్లాడి నెత్తురులో దాక్కున్న దొంగ పేరు రెండో సీడీలో చెబుతుంది. కూతురి జబ్బుకు డాక్టరు తనకు చాటుగా చెప్పిన పేరూ అదే. సీడీలు తెచ్చిన రోజు, పిల్లకన్నా ముందుగా ఒక్కతే చూస్తున్న జ్ఞానమణి ఆ పేరు వినగానే టీవీ ఆపేసి, సీడీని చీరల అడుగున దాచేసింది.

“మైదుకూరు అంగట్లో ఒకటే ఇచ్చిరి పాపా,” అని తొమ్మిదేళ్ల ప్రేమజ్యోతికి అబద్ధం చెప్పింది. రోజూ అడిగే పిల్ల వారం నుంచి అడగడం మానేస్తే, హమ్మయ్య అనుకుంది కూడా.

చీరలన్నీ బయటికి తీసింది. సీడీ లేదు.

“సూసినావా పాపా?” అంది.

మంచం మీద పడుకున్న ప్రేమజ్యోతి తలగడను గట్టిగా అదుముకుంది.

“మొత్తం సూసినా. నీకు బయమైతాదని నేనే దాచిపెట్నా. నువ్వు సూడాకు మా. ఆఖర్న ఆ పిల్లోని అమ్మ శానా ఏడుస్తాది.”