క్లచ్ మాస్టారి కాలు

“ఇక నుంచి నువ్వు స్టీరింగు ముట్టుకోవద్దు నాన్నా,” అంది కూతురు, మెకానిక్ షెడ్డు మధ్యలో నిలబడి.

కుర్చీలో కూర్చున్న క్లచ్ మాస్టారు తల దించుకున్నారు. ముప్పై ఏళ్లు డ్రైవింగ్ స్కూలు నడిపిన మనిషి. పక్క సీట్లోంచి “క్లచ్, క్లచ్” అని అరిచి అరిచి ఆ పేరు తెచ్చుకున్నారు. ఊళ్లో సగం మంది ఆయన చేత తిట్లు తిని బండి నేర్చుకున్నవాళ్లే. ఎదురుగా నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటున్న మెకానిక్ కూడా ఆ సగంలోవాడే. కూతురికి మాత్రం నేర్పలేకపోయారు. మూడో రోజుకే తండ్రీకూతుళ్లకు మాటల్లేకుండా పోయాయి, ఆమె ఇప్పటికీ ఆఫీసుకు బస్సులోనే వెళ్తుంది.

గొడవంతా ఆయన కారు గురించి. రెండు నెలలుగా, కదిలేటప్పుడల్లా చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది. ఇవాళ గేర్ బాక్సు దించి చూస్తే క్లచ్ ప్లేటు మాడిపోయి ఉంది. కొత్తది వేయించి ఏడాది కూడా కాలేదు. ఆ ప్లేటు అంటిపెట్టుకుని తిరిగే బరువైన ఇనప చక్రం, ఫ్లైవీల్, దాని మీదంతా నీలం మచ్చలు, సన్నటి పగుళ్లు.

దీన్ని లేత్ మిషను మీద చెక్కించి నునుపు చేయిస్తే సరిపోదా, మార్చాలా అని ఆమె అడిగింది. పైపైన గీతలైతే చెక్కించి వాడుకోవచ్చని, పగుళ్లు వచ్చాక మాత్రం మార్చాల్సిందేనని మెకానిక్ చెప్పాడు. అంతవరకూ నిజమే చెప్పాడు.

“ఏడాది తిరక్కుండానే ఎందుకిలా అయింది? నాన్న కాలు క్లచ్ మీద నిలవడం లేదు, అంతేనా? డెబ్బై దాటాయి మరి.”

మెకానిక్ నీళ్లు నమిలాడు. “అలా కూడా జరగొచ్చమ్మా.”

నిరుడు ఆ క్లచ్ వేసింది తనే. ఫ్లైవీల్ మీద గీతలు అప్పుడే కనిపించాయి, చెక్కించకపోతే అవి కొత్త ప్లేటును మాడ్చేస్తాయనీ తెలుసు. లేత్ అతను వారం దాకా కుదరదన్నాడు. మాస్టారేమో మర్నాడు మనవరాలిని బడికి దించాలి, సాయంత్రానికల్లా బండి కావాలన్నారు. గరుకు కాగితంతో నాలుగు రుద్దులు రుద్ది మెరిపించి, “చెక్కించేశాను మాస్టారూ” అని బిగించేశాడు. శిష్యుడి మాట కదా, ఆయన నమ్మారు. ఇప్పుడా పాపం పోయి పోయి మాస్టారి కాలికి చుట్టుకుంది.

ఆమె ఇంకా మాట్లాడుతోంది. బండి బాగుచేసి పెట్టమంది, అమ్మేస్తానంది. పాప రేపటినుంచి స్కూలు బస్సులో వెళ్తుందంది. గొంతులో కోపం లేదు, భయం ఉంది.

“నీ మీద నమ్మకం లేక కాదు నాన్నా. రోజూ వెనక సీట్లో పాప ఉంటుంది.”

“సరేనమ్మా,” అన్నారు మాస్టారు. అంతే.

ఆయన ఒక్క తిట్టు తిట్టినా మెకానిక్ బతికిపోయేవాడు. నేర్చుకునే రోజుల్లో నాలుగు రోడ్ల కూడలిలో తను బండి ఆపేసినందుకు వీధి వీధంతా వినేలా తిట్టిన నోరు అది. ఆ నోరు ఇలా కిక్కురుమనకుండా ఉందంటే, తన కాలు నిజంగానే పట్టు తప్పిందని ఆయన నమ్మేశారన్నమాట. మెకానిక్ చేతిలోని గుడ్డ పక్కన పడేశాడు. స్పానర్ తీశాడు, పెట్టేశాడు. బోల్టులు లెక్కపెట్టాడు, మధ్యలో లెక్క మర్చిపోయాడు. తనకు బండి నేర్పిన మనిషిని తనే బండి దింపేస్తున్నాడు. ఇంతకన్నా సిగ్గుమాలిన పని తను జన్మలో చేయలేదనిపించింది.

“అమ్మా, మాస్టారి కాలు బాగానే ఉంది. తప్పు నాది.”

లేత్ సంగతి, గరుకు కాగితం సంగతి, అబద్ధం సంగతి, ఒక్కటీ దాచకుండా చెప్పేశాడు. ఆమె ముఖం ఎర్రబడింది. పెద్దాయన మీద నింద వేయడానికి నోరెలా వచ్చిందని చెడామడా దులిపేసింది. అతను తల వంచుకుని పడ్డాడు. పడుతున్నకొద్దీ ప్రాణం తేలికపడింది. కొత్త ఫ్లైవీల్ తన సొంత ఖర్చుతో సాయంత్రానికి బిగిస్తానన్నాడు.

ఆమె తండ్రి కుర్చీ ముందు కూర్చుని ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. కళ్లు తడిశాయి.

“నీ కాలికి వంకపెట్టాను, ఏమనుకోకు నాన్నా. అమ్మే మాటే లేదు. రేపటినుంచి పాపను మళ్లీ నువ్వే దించు.”

ఆఫీసుకు ఆలస్యమవుతుందని చెప్పడానికి ఫోను తీసుకుని రోడ్డు మీదికి వెళ్లింది. మెకానిక్ వచ్చి మాస్టారి పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఎప్పుడో చెప్పాల్సిందని, క్షమించమని వేడుకున్నాడు.

మాస్టారు గుమ్మం వైపు తల తిప్పి, కూతురు మాటలు దూరం నుంచే వినిపిస్తున్నాయని రూఢి చేసుకుని గొంతు తగ్గించారు.

“అది ఫ్లైవీల్ వణుకేనని నాకు మొదటి రోజే తెలుసురా.”

మెకానిక్ చటుక్కున తలెత్తాడు. తెలిసీ, అమ్మాయిగారు అన్ని మాటలంటుంటే ఎందుకు ఊరుకున్నారని అడిగాడు.

“నా కళ్ల సంగతి చెబితే అమ్మాయి ఉద్యోగం మానేసి నాకు కాపలా కూర్చుంటుంది. అందుకే కాలి వంకతో మెల్లగా తప్పుకుందామనుకున్నాను. నెల రోజులుగా ఎదురొచ్చేది మనిషో స్తంభమో నాకు తెలియడం లేదు, రేపు పొద్దున పాపను బండెక్కొద్దని ఏ వంక పెట్టి చెప్పనురా?”